అత్తయ్య ఇల్లు మళ్లీ అత్తయ్య పేరు మీదికి

మా మేనత్త చేతుల మీద కమిలిన మచ్చలు మొదట చూసింది, ఇంటికొచ్చి బీపీ చూసే ఏఎన్ఎం. 1వ తేదీన వేలిముద్ర వేసేది అత్తయ్య, పింఛను 4,000 లాక్కునేది ఆవిడ కొడుకు, మా బావ అని సచివాలయం అబ్బాయికి తెలుసు. పక్కింటివాళ్లు స్టేషన్‌లో చెబితే "ఇంటి గొడవ" అని పంపేశారు. తలా ఒక ముక్క తెలిసినవాళ్లే, ఒకరి మాట ఇంకొకరికి చేరలేదు. నాకు కడుపు మండింది అందుకే.

పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్, ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేశాను. వాళ్ల తరఫున వచ్చినావిడ అత్తయ్యతో ఒంటరిగానే మాట్లాడతానని పట్టుబట్టింది. బావ గుమ్మం దాటాకే అత్తయ్య నోరు విప్పింది. "వాణ్ణి జైల్లో పెట్టిస్తే నేను ఏ మొహం పెట్టుకుని బతకనమ్మా? నా గదికి బయట గడియ పెట్టకుండా ఉంటే చాలు" అంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో భరణం, ఇల్లు అడగొచ్చని, లాయరు అక్కర్లేదని, పోలీసు కేసు వేరే సంగతని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అప్పుడు గానీ అత్తయ్య ట్రిబ్యునల్ అర్జీ మీద సంతకం పెట్టలేదు.

అత్తయ్య ఇల్లు బావకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాం. "నా జీవితాంతం పోషించే షరతుపై" అన్న మాట అందులో ఉంది. ఆ డాక్యుమెంట్ రైటర్‌కి చేతులెత్తి మొక్కాలి! ఆ చట్టం సెక్షన్ 23 కింద గిఫ్ట్ రద్దు కావాలంటే ఆ షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలకు ఇల్లు రాసిచ్చే పెద్దలు ఆ ఒక్క వాక్యం లేకుండా సంతకం పెట్టొద్దు.

ఆర్డీవో తహసీల్దారు చేత విచారణ చేయించారు. ఏఎన్ఎం చెప్పింది, సచివాలయం అబ్బాయి చెప్పింది, ఆస్పత్రి చీటీ, మూడూ ఒకే రిపోర్టులోకి వచ్చాయి. దాన్ని చదివి వినిపిస్తే బావ కాదనలేకపోయాడు. గిఫ్ట్ రద్దయింది, నెలకు 5,000 భరణం వచ్చింది.

ఆర్డరు చేతికి రాగానే సరిపోదు. నకళ్లు సబ్ రిజిస్ట్రార్‌కూ స్టేషన్‌కూ స్వయంగా ఇచ్చి రసీదులు తీసుకోండి. మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చి మాట్లాడాకే ఆ గడియ ఊడదీశారు. భరణం ఆగితే అదే ట్రిబ్యునల్‌ను వసూలుకు వారంటు ఇమ్మని అడగొచ్చు, కాకపోతే బాకీ పడిన 3 నెలల్లోపే అడగాలి.