చలి వేస్తేనే కారు ఛార్జి

"ఈ ఇంట్లో కారుకి 8 ఆంపియర్లు. 16 కాదు."

మా ఓనరు నన్ను మెట్ల దగ్గర ఆపి అన్న మాట ఇది. ముందు రాత్రి నేను నా ఎలక్ట్రిక్ కారుని ఛార్జి చేసే వాల్‌బాక్స్‌ని, అంటే గోడకున్న ఛార్జర్‌ని, 16కి పెట్టాను. తెల్లారకముందే ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళి అమ్మని తీసుకురావాలి మరి. మేముండే ష్వైన్‌ఫర్ట్ (జర్మనీ) నుంచి పోనూ రానూ 300 కిలోమీటర్ల పైమాటే. జనవరి చలిలో నా 58 యూనిట్ల బ్యాటరీకి అది కష్టమే. అమ్మ వస్తోందని ఆయనకి తెలుసు. అయినా మొదటి మాట ఆంపియర్ల గురించే. మన దగ్గరైతే ఇంటాయన ముందు "అమ్మగారు బాగా వచ్చారా?" అని అడిగి, కాఫీ తాగి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి మోటారు ఎక్కువసేపు వేస్తున్నారని సణుగుతాడు.

అసలు గొడవ సెల్లార్‌లో ఉంది. అక్కడ ఫ్రిజ్ అంత పెట్టెలో ఒక గ్యాస్ ఇంజన్ తిరుగుతుంటుంది. పేరు డాక్స్, తయారైంది ఈ ఊళ్ళోనే. గంటకి 20.5 యూనిట్ల గ్యాస్ మింగి 5.5 యూనిట్ల కరెంటు, 12.5 యూనిట్ల వేడి ఇస్తుంది. వేడి పక్కనున్న పెద్ద నీళ్ళ ట్యాంకులోకి, అక్కడి నుంచి గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకీ స్నానాల గదులకీ పోతుంది. ట్యాంకు చల్లబడితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, వేడెక్కితే ఆగుతుంది. కరెంటు ఎవరికి ఎప్పుడు కావాలో దానికి అనవసరం. ఇంటికి చలి వేస్తేనే కరెంటు పుడుతుంది.

ఇంజన్ తిరిగే వేళ ఇంట్లో వాడకం లేకపోతే ఆ కరెంటు వీధిలోకి పోతుంది. 2002 నాటి చట్టం ఇలా వేడీ కరెంటూ కలిపి తీసేవాళ్ళకి యూనిట్‌కి కొంత బోనస్ ఇచ్చింది. మా ఇంజన్‌కి ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. గ్రిడ్ నుంచి కొంటే యూనిట్ 30 సెంట్ల పైమాటే, గ్రిడ్‌కి అమ్మితే అందులో సగం కూడా రాదు. ఇలాంటి ఇంట్లో కారు ఆయనకి వరం. మిగిలినదంతా అదే తాగేస్తుంది.

ఎనిమిదే ఎందుకంటే, మూడు ఫేజుల మీద 8 ఆంపియర్లంటే సరిగ్గా 5.5 కిలోవాట్లు. ఇంజన్ ఇచ్చేదంతా కారుకే. 16 పెడితే 11 కిలోవాట్లు, సగం గ్రిడ్ నుంచి వస్తుంది. ఆ సగం డబ్బులు నావే. ఇంజన్ కరెంటుకి ఒక రేటు, గ్రిడ్ కరెంటుకి ఒక రేటు వేసి ఆదివారం ఆదివారం నోట్‌బుక్‌లో రాస్తాడు, నెలాఖరుకి నేను కడతాను. ఆయనకి పైసా నష్టం లేదు. అయినా కోపం! నాకు మింగుడుపడనిది ఇదే. డబ్బు నాది, బాధ ఆయనది.

పైగా ఆ 8 కూడా కాగితం మీదే బాగుంటుంది. నేను ఇండక్షన్ మీద పప్పు కుక్కర్ పెట్టానంటే 2 కిలోవాట్లు అటు పోతాయి. కారుకి మిగిలేది మూడున్నర. మూడు ఫేజుల ఛార్జింగ్ 6 ఆంపియర్ల కంటే, అంటే 4.1 కిలోవాట్ల కంటే కిందికి దిగదు. కాబట్టి ఛార్జింగన్నా ఆపాలి, గ్రిడ్ నుంచన్నా లాగాలి. కారు కోసం పప్పు ఎప్పుడు పెట్టాలో ఆలోచించే రోజు వస్తుందని మా ఇంట్లో ఎవరూ అనుకుని ఉండరు. మీటర్ చూసి తానే సర్దుకునే కంట్రోలర్ పెడదామంటే, "నోట్‌బుక్ ఉందిగా" అంటాడు.

ఆయన గర్వానికీ కారణం లేకపోలేదు. పక్కనే గ్రాఫెన్‌రైన్‌ఫెల్డ్‌లో 2015 దాకా అణు విద్యుత్ కేంద్రం నడిచింది. దాని కూలింగ్ టవర్లని 2024 ఆగస్టులో పడగొట్టారు. "అన్నేళ్ళూ కరెంటు కంటే ఎక్కువ వేడిని ఆకాశానికి పోశారు. నా సెల్లార్‌లో అది ఇంటిని వెచ్చబెడుతుంది" అంటాడు. నిజమే. కానీ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ వేడి మిగిల్చి పైపుల్లో పంపుతానన్నా, మే నెలలో బెజవాడలో తీసుకునేవాడెవడు?

ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను, ఇదేం మీరు కనిపెట్టిన విద్య కాదని. మాది ఉయ్యూరు దగ్గర. చెరకు ఫ్యాక్టరీల్లో పిప్పి మండించి ఆవిరి తీస్తారు, ఆవిరి టర్బైన్ తిప్పుతుంది, టర్బైన్ దాటిన ఆవిరితోనే రసం కాస్తారు. మిగిలిన కరెంటు గ్రిడ్‌కి అమ్మే మిల్లులూ ఉన్నాయి. పైగా మాది పిప్పి, మీది కొన్న గ్యాస్. ఆయన శ్రద్ధగా విని, టర్బైన్ తర్వాత ఆవిరి పీడనం ఎంత ఉంటుందని అడిగాడు. తాతయ్య బండి మీద చెరకు తోలాడే గానీ నాకు పీడనం చెప్పి పోలేదు.

ఇక అమ్మ సంగతి. ఆదివారం తలంటు, బకెట్లకి బకెట్లు వేడినీళ్ళు. ఆయన ఏమంటాడో అని నాకు టెన్షన్. లెక్క వేశాను. 60 లీటర్ల నీళ్ళు బాగా కాగడానికి మూడున్నర యూనిట్ల వేడి. ఆ వేడి కోసం ఇంజన్ తిరిగితే ఒకటిన్నర యూనిట్ల కరెంటు, అంటే కారుకి ఎనిమిది కిలోమీటర్లు. ఆయనకి చెబితే మొదటిసారి నవ్వాడు. "మీ అమ్మగారిని రోజూ పోసుకోమనండి" అన్నాడు. అమ్మకి చెబితే, "ఏరా, నా తలంటుకీ మీటరు పెట్టారా?" అంది. గ్యాస్ బిల్లు మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. 2022లో గ్యాస్ ధర పెరిగినప్పుడు ఈ ఇంజన్ ఈయన్ని ఎంత ఏడిపించిందో నాకు తెలుసు. ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు, కరెంటుతో బయటి వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంపు వైపే చూస్తున్నారు. నేనైనా అదే పెట్టుకుంటాను.

మే వస్తే రేడియేటర్లు కట్టేస్తారు. స్నానాల నీళ్ళ కోసం ఇంజన్ కాసేపు తిరిగి ఊరుకుంటుంది. కారు తాగేది దాదాపు అంతా గ్రిడ్ కరెంటే కాబట్టి 16 పెట్టుకున్నా ఆయన పట్టించుకోడు. నోట్‌బుక్‌లో రెండో రేటు గడిలో రాసుకుంటాడు, అంతే.