రొయ్య పొట్టు పేటెంటు: ప్రయోగశాల నుంచి కర్మాగారం దాకా నా అనుభవం

2018 జనవరిలో నా దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఒక శాస్త్ర సంఘం సమావేశంలో పత్రం చదివి వచ్చింది. రొయ్య పొట్టు నుంచి కైటోసాన్ అనే ఉపయోగకరమైన పదార్థాన్ని తీసేటప్పుడు ఖర్చయ్యే నీటిని తగ్గించడానికి మేము చేసిన అమరికే ఆ పత్రానికి విషయం. వాలుగా పెట్టిన మూడు చిల్లుల డ్రమ్ములు, వాటిలో పొట్టు ఒకవైపు నుంచి, కడుగునీరు ఎదురువైపు నుంచి నడవడం, మధ్య డ్రమ్ము దగ్గర క్షారపు నీటిని వేరుగా పట్టి మళ్లీ వాడడం, అన్నీ బొమ్మతో సహా అందులో ఉన్నాయి. నేను సంతోషించాను. రెండు నెలల తరువాత మా సంస్థలో మేధో సంపత్తి వ్యవహారాలు చూసే అధికారి నన్ను పిలిచి, "మేడమ్, పేటెంటు దరఖాస్తు వేశాకే చదివించారా?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ముందే నలుగురి ఎదుట బయటపెట్టిన విషయం కొత్తది కాదని పేటెంటు నిరాకరించవచ్చు.

విశాఖపట్నంలో వనామీ రొయ్యను శుద్ధి చేసి ఎగుమతి చేసే కర్మాగారాల నుంచి తలలు, పొట్టు రోజూ కుప్పలుగా బయటికి వస్తాయి. పొట్టును పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తరువాత కాస్టిక్ సోడాతో శుద్ధి చేస్తే కైటిన్ మిగులుతుంది. దానిని గాఢమైన కాస్టిక్‌లో కాచితే కైటోసాన్ వస్తుంది. అడుగడుగునా కడగాలి, కడిగిన నీరంతా శుద్ధి చేయకుండా వదలరానిదే. ఈ నగరానికి అక్కరకు వచ్చే పని చేశామన్న నమ్మకం ఉండబట్టే, అది చేజారిపోతుందేమోనన్న భయం నన్ను అంతగా పట్టుకుంది.

అదృష్టవశాత్తూ 1970 నాటి పేటెంట్ల చట్టంలో 31వ సెక్షన్ ఉంది. ఆవిష్కర్త తన పరిశోధనను శాస్త్ర సంఘం ఎదుట చదివినా, ఆ సంఘం సంచికలో ప్రచురించినా, 12 నెలల లోపు దరఖాస్తు వేస్తే ఆ పత్రం కారణంగా కొత్తదనం పోయినట్లు లెక్కించరు. ఆ వెసులుబాటుతో జూన్‌లో తాత్కాలిక స్పెసిఫికేషన్‌ను, అంటే ఆవిష్కరణ తొలి వివరణ పత్రాన్ని, ఆంధ్రప్రదేశ్‌కు వర్తించే చెన్నై పేటెంటు కార్యాలయంలో ఆన్‌లైన్‌లో దాఖలు చేశాం. అయితే ఇలాంటి మినహాయింపు యూరప్‌లో లేదు. పత్రం చదివిన రోజునే ఆ తలుపు మూసుకుపోయింది, దానిని తెరిచే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. ఆ పొరపాటు విద్యార్థినిది కాదు. చదివే ముందు ఒక్క మాట అడగవలసినదానిని నేను.

తరువాతి చిక్కు, ఆవిష్కర్తలు ఎవరు, హక్కు ఎవరిది అన్నది. విద్యార్థిని నమోదైన విశ్వవిద్యాలయం వేరు, ఆమెకు ఫెలోషిప్ ఇచ్చేది మరొకరు. ప్రభుత్వ నిధులతో పుట్టిన మేధో సంపత్తి ఎవరికి చెందాలో దేశమంతటికీ ఒకే చట్టం తేవాలని 2008లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు కానీ 2014లో ఉపసంహరించుకున్నారు. అందువల్ల ఇప్పటికీ ఏ సంస్థ నియమాలు దానివే. విశ్వవిద్యాలయం సహ యజమాని అయితే, 50వ సెక్షన్ ప్రకారం వాళ్ల సమ్మతి లేకుండా మేము ఎవరికీ లైసెన్సు ఇవ్వలేము. ఆదాయంలో వాటా వాళ్లకు, లైసెన్సు నిర్ణయం మాకు అని ఒప్పందం కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. దరఖాస్తు చేసే హక్కును ఆవిష్కర్తలు మాకు ఇచ్చారనే రుజువును, దరఖాస్తు దాఖలు చేసిన ఆరు నెలల లోపు ఇవ్వాలి. అప్పటికే ఉద్యోగానికి పుణె వెళ్లిపోయిన అమ్మాయి సంతకం కొరియర్‌లో గడువుకు తొమ్మిది రోజుల ముందు చేరింది.

ఇంకొక పేరు గురించి నేను పట్టుబట్టాను. ప్రయోగశాల పుస్తకం 43వ పేజీలో, 2017 జూలై తేదీ కింద, నీలం సిరాతో, నాది కాని చేతిరాతలో ఒక వాక్యం ఉంది: "రెండో డ్రమ్ము వాలు పెంచితే పొట్టు దానంతటదే జారుతోంది, కలపనక్కరలేదు." అది మా కాంట్రాక్టు టెక్నీషియన్ రాసినది. మా ప్రధాన క్లెయిము, అంటే పేటెంటులో ఇది మాదేనని హక్కు కోరే అంశం, నిలబడిందే ఆ వాలు మీద. కాంట్రాక్టు సిబ్బంది పేరు పెట్టే ఆనవాయితీ లేదని కార్యాలయంలో అన్నారు. ఆలోచన ఎవరిదో వారే ఆవిష్కర్త, జీతం ఏ పద్దు నుంచి వస్తుందన్నది చట్టానికి అక్కరలేదు అని రాతపూర్వకంగా ఇచ్చాను. మూడో పేరుగా ఆయన పేరు చేరింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది అదే.

పేటెంటు కార్యాలయం నుంచి దరఖాస్తు పరీక్ష నివేదిక 2021లో వచ్చింది. పాత విదేశీ పేటెంట్లు రెండు చూపించి, ఎదురు నీటితో కడగడం తెలిసినదే అన్నారు. అది నిజమే. పదకొండు క్లెయిములను ఆరుకు కుదించి, వాలు, క్షారం వేరుచేసే అర వీటికే పరిమితం చేసి, ఆరు నెలల గడువులో జవాబిచ్చాం. రొయ్య పొట్టు జీవవనరు కాబట్టి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కూడా అడిగారు. మొదట్లోనే వేయవలసిన దరఖాస్తును అప్పుడు వేసినందువల్ల ఏడాది ఆలస్యమైంది. 2022 డిసెంబరులో పేటెంటు మంజూరైంది.

లైసెన్సు కోసం వచ్చిన సంస్థ దేశమంతటా, పేటెంటు ఉన్నన్నాళ్లూ తమకు మాత్రమే హక్కు కావాలని కోరింది. యంత్రాలకు పెట్టుబడి పెట్టేవారికి కొంత భద్రత కావాలన్నది నేను ఒప్పుకుంటాను. అయితే ప్రజల డబ్బుతో తయారైన పద్ధతిని ఒకరు తీసుకుని అలమరలో పెట్టి తాళం వేస్తే అడిగే దారి ఉండాలి కదా. మూడు కోస్తా జిల్లాలకు, మూడేళ్లపాటు ఏకైక హక్కు ఇచ్చి, పద్దెనిమిది నెలల్లో ఉత్పత్తి మొదలుకాకపోతే ఆ హక్కు, ఇతరులకూ ఇవ్వగలిగే సాధారణ లైసెన్సుగా మారిపోతుందని షరతు పెట్టాం. రాయల్టీని లాభం మీద కాక, నికర అమ్మకాల మీద లెక్కించమన్నాం. ఆ 'నికర' అన్న మాటలోంచి ఏమేమి తీసివేయవచ్చో రాయడానికే రెండు సమావేశాలు పట్టాయి. లైసెన్సు లిఖితపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది కాబట్టి, సంతకాలయ్యాక దానిని పేటెంటు రిజిస్టరులో కూడా నమోదు చేయించాం.

కాగితం పూర్తయింది కానీ కైటోసాన్ రాలేదు. ప్రయోగశాలలో మేము తాజా పొట్టును, తలలు ఏరేసి, అయిదు కిలోల చొప్పున వాడాం. కర్మాగారంలో తలలూ పొట్టూ కలిసి, వేసవి ఎండలో ఆరేడు గంటలు లారీలో ఉండి దిగేవి. ఫోర్‌మన్ నన్ను డ్రమ్ము దగ్గరకు తీసుకెళ్లి, "మేడంగారూ, మీ బకెట్టులో అయ్యింది మా ట్యాంకులో అవ్వట్లేదండీ, సూడండి" అని చేతిలో జిగటగా ముద్దకట్టిన పొట్టును చూపించారు. కుళ్లడం మొదలైన తలల జిగురు చిల్లులను మూసేస్తోంది. టెక్నీషియన్, నేను పదకొండు రోజులు అక్కడే ఉన్నాం. దించిన వెంటనే పొట్టును ఐసు నీటిలో వేయడం, తలలు విడిగా తీయడం, మొదటి డ్రమ్ములో చిల్లుల పరిమాణం పెంచడం, ఇవన్నీ ఆరు పేజీల అనుబంధంగా రాసి లైసెన్సుకు జతచేశాం. ఒప్పందంలో సాంకేతిక సహాయం అన్న క్లాజుకు మొదట మేము రాసుకున్నది రెండు రోజులు మాత్రమే.

ఇప్పుడు ఆ మూడు డ్రమ్ములూ తిరుగుతున్నాయి. మంజూరైన తరువాతి మూడు ఆర్థిక సంవత్సరాలకు పేటెంటు అమలు వివరాలను ఫారం 27లో 2026 సెప్టెంబరు నెలాఖరు లోపు ఇవ్వాలి. అందుకోసం ఫోర్‌మన్ రోజూ రాసే బ్యాచీల పుస్తకం నకలు ప్రతి నెలా తెప్పించుకుని, మా టెక్నీషియన్ చేత సరిచూయించి భద్రపరుస్తున్నాను.