చెరపడానికి చేతులు రాలేదు

గురువారం రాత్రి

కోకాపేట సైట్‌లో స్ప్రింక్లర్ (మంట లేస్తే సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మేది) పని డిజైన్‌తో సహా ఒకాయనకి ఇస్తామని రెండు నెలల కిందట మాట ఇచ్చాం. వర్క్ ఆర్డర్ మాత్రం ఇవ్వలేదు. ఆ మాట మీదే ఆయన నాలుగు సార్లు డ్రాయింగులు మార్చారు, పైపుల్లో నీటి ఒత్తిడికి హైడ్రాలిక్ లెక్కలన్నీ వేసి పంపారు. ఈ రోజు పొద్దున జీఎం గారు పిలిచి, "టైటిల్ బ్లాక్‌లో పేరు తీసేసి ఇంకో ముగ్గురికి పంపండి, రేటు తగ్గుతుంది" అన్నారు. టైటిల్ బ్లాక్ అంటే డ్రాయింగులో గీసినవాళ్ల పేరు ఉండే గడి.

ఫైలు తెరిచాను. రెండు నిమిషాల పని. కానీ బేస్‌మెంట్‌లో ఆ బీమ్ దగ్గర పైపు తగులుతుందేమోనని ఆయనే నిచ్చెనెక్కి టేపు పెట్టి కొలిచారు. కింద నిచ్చెన పట్టుకున్నది నేనే. ఆ కొలత వల్ల వచ్చిందే రివిజన్ 4. చెరపడానికి చేతులు రాలేదు.

ఆయన కష్టం సంగతి అలా ఉంచినా, పైపుల గురించి భయం వేస్తోంది. కొత్తవాళ్లు రేటు తగ్గించాలంటే ఎక్కడో కోత పెట్టాలి. 80 ఎం.ఎం. మెయిన్ పైపుని 65 చేస్తే అదే నీటికి ఫ్రిక్షన్ లాస్, అంటే పైపు రాపిడికి పోయే ఒత్తిడి, రెండింతలు దాటిపోతుంది. పంపేమో పాత లెక్కకి ఎంచుకున్నది. రేపు మంట లేచి, 68 డిగ్రీలకి స్ప్రింక్లర్ నోటికి అడ్డంగా ఉండే ఎర్ర గాజు బల్బు పగిలాక, చివరి స్ప్రింక్లర్‌కి నీళ్లు చాలకపోతే? డిజైన్ చేసినాయన "పని నేను చేయలేదు" అంటారు. పని చేసినాయన "డ్రాయింగ్ మీరిచ్చిందే" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

భోజనాలయ్యాక జీఎం గారికి ఇదంతా చెప్పాను. 1957 కాపీరైట్ చట్టం కిందికి ఇలాంటి ప్లాన్లు కూడా వస్తాయి. ఊరికే చేస్తానని అనని పనిని మనం వాడుకుంటే పరిహారం ఇవ్వాలని 1872 కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ అంటుంది. "సార్, పోటీ కావాలంటే మొదట్లోనే మన అవసరాలు చెప్పి, ఎవరి డిజైన్ వాళ్లనే ఇమ్మనాల్సింది. ఇప్పుడైతే ఈయనకి డిజైన్ ఫీజు కట్టి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుందాం. కొత్తవాళ్లు లెక్కలు మళ్లీ వేసి తమ పూచీ మీద సంతకం పెట్టాలి" అన్నాను. ఆయన మంచివారే, పైనుంచి బడ్జెట్ టెన్షన్. సోమవారం చూద్దామన్నారు.

సాయంత్రం ఆ కాంట్రాక్టర్ ఫోన్ చేశారు. "ఆర్డర్ ఎప్పుడొస్తుందండీ? పైపులకి అడ్వాన్స్ కట్టాలి."

"ఇంకా తేలలేదండీ. ఇప్పుడే డబ్బు కట్టకండి" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరేనండీ" అని పెట్టేశారు.