డిమీటర్‌కి మూడెకరాల చేను ఇస్తే

గ్రీకు దేవతల కథల్ని మామూలు మనుషుల ప్రేమకథలుగా తిరగరాయాలనుకునేవాళ్లు ముందు పేర్ల మీద పడతారు. పంటల దేవత డిమీటర్ అన్నపూర్ణ అయిపోతుంది, దానిమ్మ గింజ పూతరేకు అయిపోతుంది. కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అసలు మార్చాల్సింది బలాన్ని. దేవత చేతిలోంచి మహిమ తీసేశాక, ఆ చోట మనిషికి నిజంగా ఉండగలిగే బలం ఒకటి పెట్టాలి. అది దొరికితే సగం నవల దొరికినట్టే.

డిమీటర్, ఆమె కూతురు పెర్సెఫోనీల కథనే తీసుకుందాం. దీనికి పాత ఆధారం హోమర్ పేరు మీద చెలామణీ అయ్యే స్తోత్రాల్లో ఒకటి, 495 పంక్తులది. కూతురు పూలు కోస్తుంటే నేల చీలి పాతాళపు రాజు హేడిస్ ఎత్తుకుపోతాడు. తండ్రి, దేవతల రాజు జ్యూస్, ముందే మాటిచ్చేశాడు. తల్లినీ అడగలేదు, పిల్లనీ అడగలేదు. తల్లి తొమ్మిది రోజులు తిండీ స్నానం మానేసి కాగడాలు పట్టుకుని వెతుకుతుంది. చివరికి పంటలు పండనివ్వదు. దాంతో జ్యూస్ దిగొచ్చి కూతుర్ని వెనక్కి రప్పిస్తాడు. కానీ ఆ పిల్ల పాతాళంలో దానిమ్మ గింజ తినేసింది కాబట్టి ఏటా కొన్నాళ్లు అక్కడికి వెళ్లాల్సిందే.

దీన్ని కోనసీమకి తెస్తుంటే మొట్టమొదట అడ్డుపడేది వరస. హేడిస్ అటు డిమీటర్‌కి తమ్ముడు, ఇటు జ్యూస్‌కి అన్న. అంటే ఆ పిల్లకి మేనమామా అవుతాడు, పెదనాన్నా అవుతాడు. మేనమామ సంబంధం మన ఊళ్లల్లో ఉన్నదే కాబట్టి అది ఉంచేద్దామనిపిస్తుంది. ఉంచకండి. అది ఉంటే తల్లి కోపానికి పదును పోతుంది, తమ్ముడేగా అని ఊరంతా సర్దిచెప్పేస్తుంది. రెండు వరసలూ తెంపేసి అతన్ని పరాయివాణ్ణి చెయ్యండి.

ఇక బలం. డిమీటర్ కోపమొస్తే లోకానికి కరువు. ఆమెని మూడెకరాలున్న వెంకటలక్ష్మిని చేశాక, ఆ వెంకటలక్ష్మికి కోపమొస్తే ఏమవుతుంది? డెల్టాలో నీళ్లు ఎలా పారతాయో తెలిసినవాళ్లకి జవాబు సులువు. చాలాచోట్ల బోదె (పిల్లకాలువ) నుంచి పై చేలోకి, అక్కణ్ణుంచి మడి నుంచి మడికి నీరు దిగుతుంది. ఆమె చేను బోదె మొదట్లో ఉందనుకోండి. నారు పొయ్యకుండా, బోదె బాగు చెయ్యకుండా, గట్టు తెగ్గొట్టనివ్వకుండా కూర్చుంటే కింద శివారు చేలకి తడి అందదు. బీడుపడ్డ చేలో తుంగా ఊదా లేస్తాయి, గట్లల్లో ఎలకలు చేరి పక్క చేల మీద పడతాయి. రెండు వారాల్లో ఊరు ఊరంతా ఆమె గుమ్మంలో ఉంటుంది. దేవతలు వరసపెట్టి డిమీటర్‌ని బతిమాలే ఘట్టం అచ్చంగా ఇదే. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక సార్వా (తొలి పంట) వెయ్యకుండా పంట విరామం పాటించారు. చేను బీడు పెట్టడం ఒక మాట చెప్పడమేనని మన పాఠకుడికి కొత్తగా నేర్పక్కర్లేదు.

హేడిస్‌కి గ్రీకుల్లో ఇంకో పేరు ప్లూటోన్, సంపద గలవాడు. సంపద ఉన్నది నేల కింద. కోనసీమ నేల కింద ఏముందో మనకి తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. అందుకే హేడిస్‌ని రిగ్గు మీద పనిచేసేవాడిగా రాయడం నాకు సరైనదనిపిస్తుంది. నేలలోకి దిగే పని, రాత్రీ పగలూ మంట, పక్క ఊళ్లవాళ్లకి ఆ పనంటే ఉన్న భయం, అన్నీ కలిసొస్తాయి. అతన్ని చెడ్డవాణ్ణి చెయ్యనవసరం లేదు. ఆ భయం తల్లి వైపు నుంచి న్యాయమైనదే అయితే చాలు.

కాలం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. గ్రీకు కథలో కూతురు వసంతపు పూలతో పైకొస్తుంది కదా అని ఇక్కడా ఉగాదికి తెస్తారు. ఉగాది వెళ్లి దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, చేలు నెర్రెలిచ్చి ఉంటాయి. డెల్టాకి చచ్చిన కాలం అది. నీళ్లు వదిలేది జూన్‌లో, ఆ వెనకే ఆషాఢం. కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వచ్చేది ఎప్పుడు? ఆషాఢంలోనే. కాలవకి నీళ్లూ ఇంటికి కూతురూ ఇంచుమించు ఒకేసారి వస్తారు. ఇంత చక్కని కలయిక చేతిలో ఉండగా ఉగాది జోలికెందుకు? తర్వాతి ఏళ్లకి రిగ్గు డ్యూటీ ఉంది. 14 రోజులు పని, 14 రోజులు సెలవు అనే పద్ధతి పెట్టుకుంటే, అతను పనిలో ఉన్నన్నాళ్లూ ఆమె అమ్మ దగ్గర. స్తోత్రంలో ఆమె కింద ఉండేది ఏడాదిలో మూడో వంతు. రోమన్ కవి ఓవిడ్ దాన్ని సగం సగం చేశాడు. ఇక్కడ ఓవిడ్ లెక్కే కుదురుతుంది.

చాలామంది కోసి పారేసే భాగం ఒకటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. కూతురు దొరక్క డిమీటర్ ముసలమ్మ వేషంలో ఎల్యూసిస్ చేరి, ఒక ఇంట్లో మగబిడ్డని పెంచే పనిలో కుదురుతుంది. వాణ్ణి చావులేనివాణ్ణి చెయ్యాలని రాత్రిళ్లు నిప్పుల్లో పెడుతుంది. కన్నతల్లి చూసి కెవ్వుమంటుంది. దీన్ని నమ్మేలా ఎలా రాస్తారు? వెంకటలక్ష్మిని రాజమండ్రిలో ఒక అపార్టుమెంటులో పసిబిడ్డకి నీళ్లు పోసే పనికి పంపండి. కాళ్లు చాపుకుని బిడ్డని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, పొగలు కక్కే నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసి, గంప బోర్లించి, ఆ పొగ మీద బిడ్డని చేతుల్లో ఆడిస్తుంది. తన కూతురికి ఇలాగే చేసింది. ఆఫీసు నుంచి పెందలాడే వచ్చిన ఆ పిల్లాడి తల్లి, గదినిండా పొగా, నిప్పుల పైన బిడ్డా చూసి అరుస్తుంది. అప్పుడు వెంకటలక్ష్మికి తెలిసొస్తుంది తను ఎవరి బిడ్డకి నీళ్లు పోస్తోందో. ఇదే ఇంట్లో డిమీటర్‌ని నవ్వించిన యాంబీ అనే ఆవిడ కూడా ఉంటుంది. గోదారి వెటకారం తెలిసిన వంటావిడ ఒకరు చాలు.

అసలు చిక్కు, ఎత్తుకుపోవడం. దాన్ని ప్రేమగా చూపిస్తే కథ చెడుతుంది, మొత్తం తీసేస్తే తల్లి కోపానికి ఆధారం పోతుంది. రెండు పోగులుగా విడదీయండి. తండ్రి ఫోన్‌లో మాటిచ్చేస్తాడు. పిల్ల కాదంటుంది, రిగ్గు అబ్బాయి మారుమాట లేకుండా వెనక్కి తగ్గుతాడు. ఆ తగ్గడం చూశాకే, కడియపులంక నర్సరీలో మొక్కల మధ్య ఆమె మనసు మెల్లగా అటు తిరగాలి. ఎవరికీ చెప్పకుండా చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. నోటీసు ఇవ్వాలి, అది రిజిస్ట్రారు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు, 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఆ 30 రోజులే కథకి ఉత్కంఠ. గ్రీకు కథలో అంతా చూసిన సూర్యుడు హేలియోస్ తల్లికి నిజం చెబుతాడు. ఇక్కడ పొద్దున్నే కాలవగట్టంతా తిరిగి నీళ్లు చూసుకునే లస్కరు వేరే పని మీద ఆ ఆఫీసుకెళ్లి గోడ మీది కాగితం చదువుతాడు.

ఆఖరిది గింజ. స్తోత్రంలో ఒక విచిత్రం ఉంది. కథ చెప్పేవాడి ప్రకారం హేడిస్ గింజని గుట్టుగా తినిపించాడు. కూతురు తల్లితో చెప్పేటప్పుడు మాత్రం బలవంతంగా తినిపించాడంటుంది. ఆ రెండు మాటల మధ్య సందులో మీ ప్రేమకథంతా ఉంది. అక్కడ నిజంగా ఏం జరిగిందో ముందు అధ్యాయంలోనే పాఠకుడికి చూపించెయ్యండి. అతను వండిన నెత్తళ్ల ఇగురు ఆమే అడిగి రెండోసారి వేయించుకుంది. ఇంకోటి గమనించండి. పాతాళం నుంచి వచ్చిన కూతుర్ని కావలించుకుని దేవత భయంతో అడిగేది, అక్కడేమైనా తిన్నావా అని. మన తల్లులు గుమ్మంలోనే అడిగే మాట అది. కాబట్టి పెద్ద డైలాగులొద్దు. ఇలా:

"తిన్నావా పాపా?"

"ఆఁ."

"ఏం తిన్నావు?"

"వద్దంటే వినలేదమ్మా. బలవంతంగా పెట్టేశాడు."

వెంకటలక్ష్మి కూతురి మొహం చూడలేదు. గిన్నెలోంచి తీసిన గరిటెడు అన్నంలో సగం వెనక్కి గిన్నెలోకి జార్చి, మిగతా సగం కంచంలో పెట్టింది.