అంబాసిడర్ వెనక ఇరుసుకు ఏ పళ్ల జత?

మా 1489 సీసీ అంబాసిడర్ వెనక ఇరుసులో క్రౌన్ వీలు (చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం) పళ్లు అరిగిపోవడంతో, కొత్త జత నిష్పత్తి ఎంత ఉండాలో తేల్చుకోవలసి వచ్చింది. పాత పినియన్‌కు (క్రౌన్ వీలును తిప్పే చిన్న పళ్ల చక్రం) 9 పళ్లు, క్రౌన్ వీలుకు 41, అంటే 4.55. దాని స్థానంలో 11, 43 పళ్ల 3.9 జత వేస్తే, అదే వేగానికి ఇంజను తిరుగుడు సుమారు 14 శాతం తగ్గి, చిత్తూరు నుంచి చెన్నై వైపు ప్రయాణం హాయిగా ఉంటుంది. అయితే చక్రాలకు అందే లాగుడు కూడా అంతే తగ్గుతుంది కనుక, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నిండు బండిని మాటిమాటికీ కింది గేరుకు దించాలి. దిగేటప్పుడు బండి వేగాన్ని అదుపు చేసే ఇంజను పట్టు సన్నగిల్లుతుంది. డ్రమ్ బ్రేకుల బండికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే 10, 43 పళ్ల 4.3 జతనే ఎంచుకున్నాను. స్పీడోమీటరు కేబులు ఇరుసు నుంచి కాక గేర్‌బాక్సు నుంచి వస్తుంది గనుక, ఇరుసు నిష్పత్తి మారినా అది పాత లెక్కే చూపుతుంది; ముల్లు 60 చూపినప్పుడు బండి 63 దాటి వెళుతుంది. పినియన్, క్రౌన్ వీలు కలిసి సానపట్టిన జత కాబట్టి, రెండింటి మీదా చెక్కిన జత సంఖ్య ఒకటేనా అని చూసుకోవాలి. బిగించాక పళ్లకు రంగు పూసి తిప్పినప్పుడు మచ్చ పంటి నడుమ పడకుండా అంచుకు జరిగితే, షిమ్ములు (సర్దుబాటుకు వేసే పలుచని రేకులు) మార్చి మళ్లీ చూడమని మెకానిక్‌ను మొహమాటం లేకుండా అడగండి.