యూనిట్‌కు ఒక దిర్హామ్ ఇరవై ఫిల్స్

మా కంపెనీలో బండి తాళంతో పాటు ఒక లెక్క కూడా డ్రైవర్ చేతిలో పెడతారు. చార్జింగ్‌కు నెలకు ఇంత అని ఒక హద్దు. అది దాటితే మిగిలింది జీతంలోంచి కోత. పెట్రోల్ బండి నడిపిన రోజుల్లోనూ ఇలాంటి హద్దు ఉండేది కానీ దాని గురించి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. బంకులో ఐదు నిమిషాలు ఆగితే ట్యాంకు నిండేది. ఎలక్ట్రిక్ బండి చేతికి వచ్చాకే యూనిట్, కిలోవాట్, ఏసీ, డీసీ అన్నీ నోటికొచ్చాయి. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా రేటు చెప్తాను.

నాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర ఒక పల్లె. 2013లో దుబాయ్ వచ్చాను. మొదటి నాలుగేళ్లు అల్ కూజ్‌లో ఒక గోడౌన్‌లో హెల్పర్ పని. తర్వాత లైసెన్స్ తీసుకున్నాను. ఇక్కడ లైసెన్స్ అంటే తేలిక కాదు. క్లాసులు, పార్కింగ్ టెస్ట్, రోడ్ టెస్ట్, ఫెయిలైతే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. నేను రోడ్ టెస్ట్ మూడోసారికి గట్టెక్కాను. ఊళ్లో ఉన్న అప్పుకు ఇంకో అప్పు తోడైంది. కానీ గోడౌన్‌లో బస్తాలు మోసే మనిషి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మా ఇంట్లో ఆ రోజు బెల్లం పరమాన్నం వండారని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది.

ఇప్పుడు లిమోజిన్ కంపెనీలో పని. ఎయిర్‌పోర్ట్, హోటళ్లు, ఆఫీసులు. 2022 జూలైలో ఇక్కడ సూపర్ 98 పెట్రోల్ లీటర్ 4 దిర్హాముల 63 ఫిల్స్‌కు చేరింది. వంద ఫిల్స్ అయితే ఒక దిర్హామ్. నేను వచ్చాక అంత ధర ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడే మా కంపెనీ కొన్ని టెస్లా బండ్లు తెచ్చింది. అందులో ఒకటి నాకు ఇచ్చారు.

చార్జింగ్ స్తంభాల సంగతి చెప్పాలి. దుబాయ్‌లో కరెంటు, నీళ్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థను అందరూ దేవా అంటారు. రోడ్ల మీద ఎలక్ట్రిక్ కార్లు కనపడని రోజుల్లోనే, 2014లో, అది గ్రీన్ చార్జర్ పేరుతో పబ్లిక్ చార్జింగ్ పని మొదలుపెట్టింది. మాల్స్‌లో, పెట్రోల్ బంకుల్లో, ప్రభుత్వ ఆఫీసుల ముందు స్తంభాలు నిలిపింది. బండ్లు వచ్చాక చూద్దాంలే అనుకోకుండా ముందే పెట్టారు. ఆ ముందుచూపును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. జనం కొనాలని 2017 నుంచి రిజిస్టర్ చేసుకున్నవాళ్లకు చార్జింగ్ ఉచితం చేశారు. 2019 చివరికి ఆగాల్సింది, సొంత కార్లవాళ్లకు 2021 చివరిదాకా పొడిగించారు. వ్యాపారం బండ్లకు ఆ పొడిగింపు లేదు.

ఆ ఉచితం రోజుల్లో నేను పెట్రోల్ బండి నడిపేవాణ్ని. మాల్ ముందు ప్యాసింజర్ కోసం ఆగినప్పుడు చూసేవాణ్ని. పొద్దున వైర్ తగిలించిన కారు సాయంత్రం దాకా అక్కడే ఉండేది. బ్యాటరీ ఎప్పుడో నిండి ఉంటుంది, అయినా తీయరు. ఇంకొకాయన వచ్చి ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయేవాడు. అది చూస్తే నాకు మా ఊరి ఆటో స్టార్టర్లు గుర్తొచ్చేవి.

మా బాపుకు మూడెకరాలు, ఒక బావి, తర్వాత ఒక బోరు. నా చిన్నప్పుడు త్రీఫేజ్ కరెంటు సగం పగలు, సగం రాత్రి ఇచ్చేవాళ్లు. రాత్రి వంతు వస్తే బాపు టార్చిలైట్, దుప్పటి తీసుకుని బావి కాడికి పోయేవాడు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక ఎప్పుడు పోతుందో తెలియదు. పాములు, తడి చేతులతో స్టార్టర్, షాక్. మా వాడలోనే ఇద్దరు అట్లా పోయారు. అందుకే అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటర్ దానంతటదే నడుస్తుంది, మనిషి ఇంట్లో పడుకోవచ్చు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. బాపు రాత్రి కాపలా ముగిసింది. నా కుటుంబానికి అంతకంటే మేలు చేసిన నిర్ణయం ఇంకోటి లేదు. కానీ ఆటో స్టార్టర్లు తీయని చోట మోటర్లు ఆగకుండా నడిచాయి, మడి నిండి నీళ్లు బాట మీద పారాయి. నీళ్లు అడుగంటుతాయి, ఆ స్టార్టర్లు తీసేయండని అధికారులు బతిమాలాల్సి వచ్చింది. అందుకే ఏదైనా పూర్తిగా ఉచితంగా ఇవ్వమని నేను అడగను. రేటు ఉండాలి. ఎవరికి ఎంత అనేదే నా బాధ.

నా చేతికి టెస్లా వచ్చినప్పుడు రేటు యూనిట్‌కు 29 ఫిల్స్. మా బండి బ్యాటరీ సుమారు 60 యూనిట్లు పడుతుంది. ఒకసారి 50 యూనిట్లు ఎక్కిస్తే 14 దిర్హాముల 50 ఫిల్స్, పైన కొంచెం వ్యాట్. కంపెనీ పెట్టిన హద్దులో సగం కూడా దాటేది కాదు. నెల చివర్లో టెన్షన్ ఉండేది కాదు.

తర్వాత 2024లో దేశ మంత్రివర్గం పబ్లిక్ చార్జింగ్‌కు రేట్లు ఖరారు చేసింది. వేగంగా ఎక్కించే డీసీకి యూనిట్‌కు 1 దిర్హామ్ 20 ఫిల్స్, నెమ్మదిగా ఎక్కించే ఏసీకి 70 ఫిల్స్, రెండింటి మీదా 5 శాతం వ్యాట్. 2025లో ఆ లెక్క నా బండి బిల్లులోకి వచ్చింది. అవే 50 యూనిట్లకు డీసీలో 63 దిర్హాములు. నాలుగింతలు దాటింది. కంపెనీ హద్దును కొంచెం పెంచింది కానీ నాలుగింతలు పెంచలేదు. మొదటి నెలే నాకు కోత పడింది. సూపర్‌వైజర్‌ను అడిగితే ఏసీలో పెట్టుకో అన్నాడు.

ఏసీలో పెడితే అదే చార్జి 36 దిర్హాముల 75 ఫిల్స్‌కు వస్తుంది. కానీ స్తంభం మీద 22 కిలోవాట్లని రాసి ఉన్నా మా బండి 11కు మించి తీసుకోదు. 50 యూనిట్లు ఎక్కాలంటే నాలుగున్నర గంటలు. డీసీలో అయితే ముప్పావు గంటకు కొంచెం అటూ ఇటూ. నాది 12 గంటల డ్యూటీ. దాని మీద నాలుగున్నర గంటలు బండి దగ్గర కూర్చుంటే ఇంక పడుకునేదెప్పుడు? డీసీకి, ఏసీకి మధ్య 26 దిర్హాముల తేడా ఉంది. మా ఊరి లెక్కలో ఆరు వందల రూపాయలు. ఆరు వందల కోసం నిద్ర వదలాలా, నిద్ర కోసం ఆరు వందలు వదలాలా అని రోజూ రాత్రి లెక్క వేసుకునే డ్రైవర్లు ఈ ఊళ్లో నాతో పాటు చాలామంది ఉన్నారు.

పెట్రోల్‌తో పోల్చినా అంతే. హైవే మీద చల్లగాలికి బండి ఏసీ వేసుకుని పోతే ఆ 50 యూనిట్లకు 280 కిలోమీటర్ల దాకా వస్తుంది. మా కంపెనీ హైబ్రిడ్ బండి లీటర్‌కు 16 ఇస్తుంది. అదే దూరానికి పదిహేడున్నర లీటర్లు. పెట్రోల్ రెండున్నర దిర్హాములున్న నెలలో 44 దిర్హాములు. అంటే డీసీ చార్జింగ్ మీదే బతికే డ్రైవర్‌కు ఎలక్ట్రిక్ బండి పెట్రోల్ కంటే ఖరీదు. ఈ మాట చెప్తే ఎవరూ నమ్మరు. నేను కాగితం మీద వేసి చూపించాల్సి వస్తుంది.

ఒకరోజు ఎయిర్‌పోర్ట్‌లో ఒక కుటుంబం ఎక్కింది. సిగ్నల్ దగ్గర నా ఫోన్‌లో తెలుగు పాట వినిపించి ఆయన అడిగాడు.

“ఏ ఊరు మీది?”

“కోరుట్ల, సార్.”

“అరె, మాది హైదరాబాద్. మాక్కూడా ఎలక్ట్రిక్ కారే. ఖర్చే లేదు కదండీ దీనికి, ఏదో ఫ్యాన్ తిరిగినంత.”

ఆయన అబద్ధం చెప్పలేదు. ఇక్కడ వాళ్లు ఉండేది విల్లాలో. ఇంటి గోడకు చార్జర్ పెట్టించుకున్నారు. ఇంటి కరెంటు ఇక్కడ నెలకు 2000 యూనిట్ల దాకా 23 ఫిల్స్, ఆ పైన 28, 32, 38 ఇలా స్లాబులు. ఇంధన సర్‌చార్జీ అదనం. ఎండాకాలం ఏసీలతో పై స్లాబుకు ఎక్కినా 50 యూనిట్లకు ఆయనకు 19 దిర్హాములు, సర్‌చార్జీ కలిపితే ఇంకొంచెం. నాకు 63. కరెంటు ఒకటే, ఇచ్చే సంస్థ ఒకటే. ఆయనకు గోడ ఉంది, నాకు లేదు. నేను అల్ కుసైస్‌లో ఆరుగురం ఉండే గదిలో బెడ్‌స్పేస్‌లో, అంటే ఒక మంచం అద్దెకు తీసుకుని, ఉంటాను. మా బిల్డింగ్ కింద బండి నిలపడానికే చోటు దొరకదు.

ఆయనకు లెక్క చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. దిగేటప్పుడు “ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండీ” అన్నాడు. సామాన్లు దించనివ్వలేదు, తనే దించుకున్నాడు. మంచి మనిషి.

యూనిట్ లెక్కన డబ్బు తీసుకోవడం మాత్రం న్యాయమే. నిమిషం లెక్కన తీసుకుంటే మాకు ఇంకా నష్టం. జూలైలో మధ్యాహ్నమంతా తిరిగిన బండిని డీసీకి పెడితే బ్యాటరీ వేడికి చల్లార్చే ఫ్యాన్లు విమానంలా మోగుతాయి, ఎక్కే వేగం పడిపోతుంది. 80 శాతం దాటాక ఎలాగూ మెల్లగా ఎక్కుతుంది. అందుకే తెలిసిన డ్రైవర్లు 80 దగ్గర తీసేసి పక్కవాడికి ఇస్తారు. తీయకుండా పోయి కాఫీ తాగేవాళ్ల దగ్గర మాత్రం గట్టిగా వసూలు చేయాలి. నిండిన బండికి పట్టిన చోటుకు కూడా ఒక రేటు ఉండాలి.

ఇంకొకటి. ఇక్కడ సాలిక్ టోల్ గేట్లకు 2025 జనవరి 31 నుంచి వేళను బట్టి రేటు పెట్టారు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 మధ్య 6 దిర్హాములు, మిగతా వేళల్లో 4. రాత్రి 1 నుంచి 6 దాకా ఉచితం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ తీసుకోవాలని తెలిసిన ఊరికి, ఊరంతా పడుకున్నాక కరెంటు కూడా ఖాళీగా ఉంటుందని తెలియదా? నేను కట్టే చార్జింగ్ బిల్లులో పగలూ రాత్రీ ఒకటే రేటు. ఏసీ స్తంభాల్లో రాత్రి రేటు తగ్గించి, ఆ స్తంభాలను మాల్స్ ముందు కాకుండా అల్ కుసైస్, ముహైస్నా లాంటి చోట్ల, డ్రైవర్లు పడుకునే బిల్డింగుల కింద పెడితే మాకు ఆ నాలుగున్నర గంటలు నిద్రలోనే గడిచిపోతాయి. వేగం మాకు అక్కర్లేదు. రాత్రి పెట్టి పొద్దున తీసుకునే చోటు చాలు.

మేం పదకొండు మంది సంతకాలు పెట్టి కంపెనీకి ఈ మాటే రాసిచ్చాం. మలయాళీలు, పాకిస్తానీలు, ఇద్దరు నేపాలీలు, మేం ముగ్గురం తెలుగువాళ్లం. బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోవాలి, లోడ్ పెంచాలి, దేవా అనుమతి రావాలి అన్నారు. కాదనలేదు. కాగితం ఎక్కడుందో నేను వారానికోసారి అడుగుతూనే ఉన్నాను.

ఈలోపు రాత్రుళ్లు ఇలాగే నడుస్తున్నాయి. నిన్న డ్యూటీ దిగేసరికి ఒంటిగంట దాటింది. బండిలో 9 శాతం ఉంది. నెల చివర, హద్దుకు ఇంకా 40 దిర్హాములే మిగిలాయి. డీసీ వైపు చూసి, ఏసీ స్తంభం దగ్గరే ఆపాను. పక్క బండిలో పెషావర్ ఉస్తాద్ సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. నా బండి వచ్చిన చప్పుడుకు కళ్లు తెరిచి చెయ్యి ఊపి మళ్లీ మూసుకున్నాడు. అద్దం దించితే వేడి, మూసి ఏసీ వేస్తే ఎక్కుతున్న కరెంటులోనే కొంత పోతుంది. అద్దం సగం దించి పడుకున్నాను.

మూడున్నరకు ఫోన్ మోగింది. ఊళ్లో ఐదు. బాపు. ఇప్పుడు ఎవరూ లేపకపోయినా ఆ వేళకు లేస్తాడు, మోటర్ అలవాటు పోలేదు.

“పండుకున్నవా బిడ్డా?”

“బండి కాడ ఉన్న బాపూ. కరెంటు ఎక్కుతున్నది.”

“ఎంత ఎక్కింది?”

స్క్రీన్ చూశాను. “యాభై.”

“ఇంకెంత సేపు?”

“రెండు గంటలకు పైనే.”

కాసేపు ఆగాడు. బావి దగ్గర నీళ్ల చప్పుడు వినపడింది.

“అద్దం మొత్తం తియ్యకు, దొంగలుంటరు” అన్నాడు.