ప్రార్థన చల్లారినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి

ప్రార్థన చల్లారిందని తెలిసిన రోజే చాలామంది పెద్ద తీర్మానం చేసేస్తారు. రేపటి నుంచి నాలుగింటికి లేవాలి, రోజూ గంటసేపు మోకరించాలి, ఏడాదిలో బైబిలంతా చదవాలి, పైగా 21 రోజుల ఉపవాసం. రెండో వారానికల్లా అన్నీ ఆగిపోతాయి, దేవుని ముందుకు రావడానికే మొహం చెల్లదు. మొదటి ప్రేమను వదిలిన ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పింది వేరు: మారుమనస్సు పొంది, "ఆ మొదటి క్రియలను చేయుము" (ప్రకటన 2:5). కొత్తగా నమ్మినప్పుడు మీరు చేసినవి చిన్న పనులే కదా. మళ్లీ అక్కడికే వెళ్లండి.

ముందు వాక్యం తెరవండి. ఎండిపోయిన మనసుకు సొంత మాటలు దొరకవు, దొరికినా రోజూ అవే తిరుగుతుంటాయి. 23వ కీర్తన తీసుకోండి, ఆరే వచనాలు. పైకి వినబడేలా, మెల్లగా, రెండుసార్లు చదవండి. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుని గురించి చెబుతున్నాడు, అంతా "ఆయన" అనే. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ రాగానే మాట మారుతుంది: "నీవు నాకు తోడై యుందువు." అప్పటిదాకా దేవుని గురించి మాట్లాడినవాడు దేవునితోనే మాట్లాడుతున్నాడు. మీరూ అక్కడ ఆగండి. మీ లోయ ఏమిటో, జబ్బో అప్పో తెగిపోయిన బంధమో, పేరు పెట్టి ఆయనతో చెప్పండి. పావుగంట చాలు. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, మౌనంగా సన్నిధిలో నిలవడం అని 12వ శతాబ్దంలో రెండో గీగో అనే సన్యాసి నాలుగు మెట్లుగా రాసింది ఈ దారి గురించే. మనం ఎక్కువగా దాటేసేది రెండో మెట్టు.

బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి. నీరసించి ఉన్నప్పుడు ఇది పెట్టుకోవద్దు. లేవీయకాండంలో రెండు రోజులు తప్పితే ఆరేడు అధ్యాయాలు బాకీ పడతాయి, ఆ బాకీ చూసే పుస్తకం మూసేస్తారు. కొత్త నిబంధన 260 అధ్యాయాలే. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున 52 వారాల్లో అయిపోతుంది, మిగతా రెండు రోజులూ తప్పినవాటికి ఉంటాయి. అచ్చు పుస్తకమే వాడండి. ఫోన్‌లో తెరిస్తే వచనం మీదే మెసేజ్ వచ్చి వాలుతుంది.

ఉపవాసం వారానికి ఒక రోజు, ఒక్క పూటతో మొదలవ్వాలి. ఆ భోజనానికి పట్టే అరగంటా వాక్యానికీ ప్రార్థనకూ ఇవ్వాలి. ఆ సమయం ఆఫీసు పనికి పోతే మిగిలేది ఆకలే. నీళ్లు మానకండి. కాఫీ, టీ అలవాటున్నవాళ్లకు ఒక్కసారిగా ఆపితే తలనొప్పి వస్తుంది, నాలుగైదు రోజుల ముందు నుంచే తగ్గించుకోవాలి. నాలుగు వారాలు కుదిరాక రాత్రి భోజనం నుంచి మర్నాటి రాత్రి భోజనం దాకా, అంటే రెండు పూటలు, ఉండవచ్చు. విడిచేటప్పుడు కడుపు నిండా తినకుండా తేలికైనది కొద్దిగా తినండి.

షుగర్‌కు మందులో ఇన్సులినో వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడినవారు పూట మానకూడదు. వారికి దానియేలు దారి ఉంది: మూడు వారాలు ఆయన రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు (దానియేలు 10:3). ఇదేమీ తక్కువ ఉపవాసం కాదు.

సాయంత్రానికి కోపం రావడం మామూలే, ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. యెషయా 58 తప్పుపట్టింది సరిగ్గా దీన్నే, ఉపవాసముండి కలహపడటాన్ని. ఆ వేళకు ముందే ఐదు నిమిషాలు పక్కకు వెళ్లి ప్రార్థించండి. అదే అధ్యాయం ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టమంటుంది. మానిన పూటకయ్యే ఖర్చు ఆ రోజే ఆకలితో ఉన్నవారికి చేర్చండి. నెలాఖరున కలిపి ఇద్దామనుకుంటే ఇంటి ఖర్చులో కలిసిపోతుంది.